సంసోను బండికి జ్వరం

పినపాకలో సంసోనును ఎరగనివాళ్లు లేరు. ఆయన బండి స్టీరింగ్ నూనెను ఎరగనివాళ్లు అసలే లేరు. కిరాయికి తిప్పే పాత తెల్లబండి అది. దానికి పవర్ స్టీరింగ్. బానెట్ కింద ఓ మూల చిన్న సీసాలో ఎర్రటి నూనె ఉంటుంది. పంపు ఆ నూనెను తోస్తేనే స్టీరింగ్ చక్రం తేలిగ్గా తిరిగేది. ఆ నూనె కాగి ఎక్కడ పంపు చెడిపోతుందోనని సంసోనుకు బెంగ. చంటిపిల్ల తల్లికి కూడా అంత బెంగ ఉండదు.

పినపాక నుంచి ఖమ్మం బయలుదేరితే మణుగూరు దాటగానే ఒకసారి, అడవిలో ఒకసారి, కొత్తగూడెం రాకముందు ఒకసారి, వచ్చాక మరోసారి బండి ఆగాల్సిందే. సంసోను దిగి బానెట్ ఎత్తుతాడు. అరచేతి వెనకభాగం సీసాకు ఆనించి, కళ్లు మూసుకుని, పెద్దగా నిట్టూరుస్తాడు.

"కాగింది. అందరు దిగున్రి. జెరసేపు సల్లారనియ్యాలె."

మగవాళ్లు సణుక్కుంటూ దిగేవాళ్లు. ఆడవాళ్లు మాత్రం కిక్కురుమనకుండా దిగి, చెట్ల చాటుకో పెట్రోలు బంకు వెనక్కో అలా నడిచొచ్చేవాళ్లు. పైగా సంసోను మరిచినా వాళ్లు మరవరు. "సంసోనన్నా, నూనె ఎట్లుంది?" అని వెనక సీట్లోంచి ఓ గొంతు వినపడిందా, బండి రోడ్డు పక్కకు తిరిగినట్టే. ఇది అంటుజబ్బనీ, ముందు ఆడవాళ్లకు సోకిందనీ ఊళ్లో మగవాళ్లు తేల్చేశారు.

ఊరి కుర్రాడు జయప్రకాశ్ పెళ్లికి కూడా ఇదే తంతు. పెళ్లికొడుకు బాసికం కట్టుకుని కూర్చున్నాడు. బండి అడవి మధ్యలో ఆగింది.

"అన్నా, ముహూర్తం దాటిపోతదే!"

"దాటితే ఇంకోటి పెట్టుకోవచ్చు. పంపు పోతే ఇంకోటి యాడికెల్లి తెస్తవ్?"

"పిల్ల తరపోళ్లకు ఏం జెప్పాలె?"

"నూనె కాగిందని జెప్పు. అర్థం జేస్కుంటరు."

వాళ్లేమీ అర్థం చేసుకోలేదు. పెళ్లికొడుకు తల్లి మాత్రం అంత తొందరలోనూ చెట్ల వైపు నుంచి తాపీగా నడిచొచ్చి, "ఇగ పోనియ్యి సంసోనూ" అంది.

ఓ ఆదివారం చర్చిలో రోగుల కోసం ప్రార్థన చేస్తూ పాస్టరు క్రిస్టోఫర్ చివర్లో "ప్రభువా, మా సంసోను బండి నూనెకు కూడా చల్లదనం దయచేయుము" అన్నాడు. చర్చంతా గొల్లున నవ్వింది. అందరికన్నా గట్టిగా ఆమెన్ అన్నది సంసోనే.

ఈ నూనె భాగోతం చూసి ఒళ్లు మండిపోయేది మాత్రం మురళీకృష్ణకు. మిరప పండించే రైతు, మొన్నమొన్ననే ముప్పై దాటినవాడు, కార్లంటే పిచ్చి. తల్లి రాఘవమ్మను సుఖంగా తిప్పాలని ముచ్చటపడి కొత్త కారు కొన్నాడు.

"అమ్మా, దీనికి కరెంటు స్టీరింగు. నూనె అన్నదే ఉండదు. ఇక్కడ ఎక్కితే ఖమ్మంలోనే దిగుడు. మధ్యల ఆగే పనే లేదు!"

రాఘవమ్మ మొహం వాడిపోయింది. "నూనె లేని బండి నాకెందుకురా?" అంది.

ఒక్కసారి ఎక్కింది. ఖమ్మం దాకా పెదవి బిగించి కూర్చుంది. ఇంటికొచ్చాక ఇంక ఆ కారు మొహం చూడలేదు. ఎక్కడికి పోవాలన్నా సంసోను బండే. తళతళలాడే కారు వాకిట్లో ఉండగా అమ్మ పాతబండి కోసం వీధిలో నిలబడుతుంటే మురళికి తలకొట్టేసినట్టుండేది.

మిరపతోటలు తీసేశాక ఊరి కుర్రాళ్లు ఖాళీ చేలో గుండ్రంగా మట్టి ట్రాకు వేసి కార్ల పందెం పెడతారు. ఆ ఏడు మురళి పదిమందిలో సంసోనును నిలేశాడు.

"అన్నా, నీ నూనె అంత నాజూకైతే గీ ట్రాకు మీద బండి తిప్పు, చూద్దాం!"

సంసోను ప్యాంటు పైకి మడిచి ఎక్కేశాడు.

ట్రాకు మీద తిన్నగా పోయే జాగా ఉండదు. చక్రం ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పుతూనే ఉండాలి, ఇంజను మొత్తుకుంటూనే ఉండాలి. పంపుకు ఊపిరాడదు, నూనెకు చల్లారే తీరిక ఉండదు. కొన్ని చుట్లకే బానెట్ సందుల్లోంచి పొగ లేచింది. నూనె నురగలు కక్కుతూ సీసా మూతను తోసుకుని బయటికొచ్చింది. చేనంతా మాడుకంపు.

"అన్నా, కాగింది! నిజంగనే కాగింది! ఆపు!" అని మురళే గొంతు చించుకున్నాడు.

సంసోను కిటికీలోంచి చెయ్యి ఊపాడు. "కాగనియ్యి!"

చక్రం బిగుసుకుపోతే రెండు చేతులా గుంజుతూ చివరి చుట్టు కూడా పూర్తిచేసి, రెండో స్థానం కొట్టాడు. పంపు పోయింది. ఆయన మాత్రం జాతరలో రంగులరాట్నం దిగిన పిల్లాడిలా వెలిగిపోతున్నాడు.

"సూసినవా తమ్మీ, కాగుడంటే గిది!"

"మరి రోజూ రోడ్డు మీద కాగేదేంది?"

"తిన్నగ పోయే రోడ్డు మీద యాడ కాగుతది?" అనేసి సంసోను నాలిక్కరుచుకున్నాడు. మురళి మళ్లీ నోరు తెరిచేలోగా గుంపులో కలిసిపోయాడు.

బండి షెడ్డుకెక్కింది. ఆ ఆదివారమే ఖమ్మంలో సుజన గృహప్రవేశం. సుజన మురళికి చెల్లెలు, రాఘవమ్మకు ఒక్కగానొక్క కూతురు. పాలు పొంగించేటప్పుడు అమ్మ పక్కనుండాలని ఒకటే ఫోన్లు. తీరా బయలుదేరే పొద్దున రాఘవమ్మ మంచం దిగలేదు.

"మోకాళ్లు నొప్పిరా. నువ్వు పోయిరా."

"నిన్నటిదాకా లేని నొప్పి ఇయ్యాల ఏందమ్మా?"

"వయసు వస్తందిగా" అంటూ కూతురికి కొన్న చీర ఒళ్లో పెట్టుకుని నిమురుతూ కళ్లు తుడుచుకుంది. మురళికి ఏమీ పాలుపోలేదు. అమ్మ రాకపోతే సుజన ఏడుస్తుంది, సుజన ఏడిస్తే అమ్మ ఏడాదిపాటు కుములుతుంది. పోయి సంసోను ముందు నిలబడ్డాడు. విన్నవాడు విన్నట్టే చెప్పులేసుకుని వచ్చాడు.

"పెద్దమ్మా, మురళి బండి నేను తోల్త. లెవ్వు."

"దాంట్లో నూనె లేదంట కదా సంసోనూ."

"నేనున్నగా."

రాఘవమ్మ మోకాళ్ల సంగతే మరిచిపోయి చకచకా తయారైంది.

మణుగూరు దాటి పెట్రోలు బంకు కనపడగానే సంసోను కారు పక్కకు తీసి బానెట్ ఎత్తాడు. పక్కసీట్లోంచి మురళి దూకినంత పని చేశాడు.

"అన్నా, దీంట్ల నూనె లేదే!"

సంసోను బ్యాటరీ మీద చెయ్యి ఆనించి కళ్లు మూసుకున్నాడు. "కరెంటు కాగింది."

"కరెంటు కాగుడేంది? సల్లగ ఐసుగడ్డ లెక్కుంది!"

సంసోను వాడి భుజాలు పట్టి రోడ్డు వైపు తిప్పాడు. "అటు జూడకు. ఇటు జూడు."

వద్దంటే చూడనిదెవరు? రాఘవమ్మ కారు దిగి బంకు వెనకనున్న బాత్రూం వైపు గబగబా పోతోంది.

"షుగరు మనిషి తమ్మీ. గంటగంటకు దిగాలె. కొడుకుతోని గూడ బండి ఆపమని నోరిప్పి అడగలేదు. నీ బండెక్కిన నాడు పొద్దుగాల నుంచి గుక్కెడు నీళ్లు తాగలేదంట. మా అమ్మ సంపూర్ణ గిట్లనే నామోషీ పడి బస్సెక్కుడే బంద్ జేసింది. దవాఖానకు గూడ పోలే. ఆడోళ్లు సిగ్గువడుడెందుకు, ఆ జ్వరమేదో నా బండికే రానీ అనుకున్న."

"నాకొక్క మాట జెప్తే అయిపోతుండె గదనే!"

"జెప్తే నువ్వు 'అమ్మా, పోయొస్తవా' అని నలుగురి ముందట అడుగుతవ్."

మురళి అడిగేవాడే. అది తలచుకుంటే సిగ్గేసింది, ఆ వెంటే నవ్వొచ్చింది. ఊళ్లో మగవాళ్లందరితో పిచ్చోడనిపించుకుంటూ ఇన్నేళ్లు నోరు మెదపని ఈ మనిషిని గట్టిగా కావలించుకోవాలనిపించింది. అమ్మ వస్తోందని ఆగిపోయాడు.

రాఘవమ్మ వచ్చి కూర్చుని, కొడుకు మొహం చూడకుండా అడిగింది. "ఏమైందిరా బండికి?"

"కరెంటు కాగిందమ్మా. కొనేటప్పుడు చూసుకోలే. నూనె బండికన్నా దీనికే ఎక్కువ రోగమంట. గంటకోసారి ఆపకపోతే నడవదంట."

రాఘవమ్మ కిటికీ వైపు తిరిగి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు మాత్రం నవ్వుతో కదులుతూనే ఉన్నాయి.

మళ్లీ మళ్లీ ఆగుతూనే ఖమ్మం చేరారు. పొయ్యి మీద పాలు పెట్టి సుజన వాకిట్లోకీ వంటింట్లోకీ తిరుగుతోంది. "కొత్త కారేసుకుని ఇంతసేపేందన్నా?" అని కసిరి, తల్లిని చేయిపట్టుకుని లోపలికి లాక్కెళ్లింది. ఇద్దరూ చూస్తుండగా పాలు పొంగాయి.

భోజనాలయ్యాయి. బయలుదేరే వేళకు సుజన మజ్జిగ తెచ్చింది. రాఘవమ్మ గ్లాసు ఖాళీ చేసి మళ్లీ ముందుకు చాపింది.

"ఇంకో గ్లాసు పొయ్యవే. చాలా దూరం పోవాలి."