తొండం బిగించిన దసరా

మా వీధిలో పైపులైను కోసం రోడ్డు తవ్వుతున్నారు. పొద్దున వంటింటి కిటికీ తెరిచేసరికి తడిమట్టి వాసన, దాంతోపాటు వేడెక్కిన ఇంజన్ ఆయిల్ వాసన ఒక్కసారిగా లోపలికి వచ్చాయి. ఈ వనపర్తిలో మా పక్కింటివాళ్లు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని తలుపులు బిగించుకున్నారు గానీ, నేను మాత్రం కిటికీ చువ్వలు పట్టుకుని చాలాసేపు అక్కడే నిలబడ్డాను. ఆ రెండు వాసనలూ కలిసి వస్తే నాకు ప్రాణం కుదుటపడుతుంది. ఎందుకో చెప్పాలంటే తిమ్మాజిపేట దగ్గరి మా ఊరికి, అమ్మా నాయినా మట్టిపనికి దేశాలు పట్టిపోయిన రోజులకు వెళ్లాలి.

వానలు వెనకబట్టి, జొన్నచేలు నడుమెత్తు లేచి, గట్ల మీద తంగేడు పచ్చగా విరగబూసిందంటే ఏ ఊరి పిల్లలకైనా సంబరమే. మాకూ ఉండేది. చేతులకు పసుపు అంటుకునేలా తంగేడు పూలు తెంపడం, బతుకమ్మ పేర్చే అవ్వ పక్కన కూర్చుని గునుగుపూలను రంగునీళ్లలో ముంచడం, సత్తుపిండి ముద్దల కోసం తమ్ముడితో కొట్లాడటం, అన్నీ ఉండేవి. కానీ ఆ సంబరం వెనకాలే ఇంకో వాసన పొంచి ఉండేది. దసరా ముందు రోజుల్లో అమ్మ పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టెలు తట్టి, పెనం మీద కాల్చి, వాటిని మళ్లీ నిప్పుల పక్కన నిలబెట్టి పెళుసెక్కేదాకా ఎండబెట్టేది. ఎండురొట్టెలు గంపెడు అయ్యాయంటే, పండుగ వెళ్లగానే కూలీలను పనికి తీసుకెళ్లే మేస్త్రి లారీ వస్తుందన్నమాట. అమ్మ, నాయిన ఆ రొట్టెల మూట, పారలు, తట్టలు పట్టుకుని లారీ ఎక్కేవారు. మళ్లీ మామిడిపండ్ల కాలానికి గానీ వచ్చేవారు కారు. నేనూ తమ్ముడూ తాత, అవ్వల దగ్గర మిగిలిపోయేవాళ్లం. ఊళ్లో సగం మంది పిల్లల సంగతీ అదే కాబట్టి ఒకరినొకరు ఓదార్చుకునే పని కూడా ఉండేది కాదు. చాలా ఏళ్లు, జొన్నపిండి కాలిన వాసనకు నాకు ఆకలి కంటే ముందు భయం వేసేది.

మా ఆటలు కూడా మట్టిపనే. వాన వెలిసిన వీధిలో కొబ్బరిచిప్పలతో గుంటలు తవ్వేవాళ్లం, అయితే ప్రతి గుంట నడుమా కొంత మట్టిని స్తంభంలా తవ్వకుండా వదిలేయాలి. దాన్ని దిమ్మె అనేవాళ్లం. పెద్దవాళ్లు కాలువల పనుల్లో అలాగే వదిలేవారు; సాయంత్రం మేస్త్రి టేపు పట్టుకుని వచ్చి దిమ్మె ఎత్తు కొలిస్తేనే ఆ రోజు ఎంత లోతు తవ్వారో తేలేది. దిమ్మె కూలిందంటే పగలంతా పడ్డ కష్టానికి సాక్ష్యం లేనట్టే. మా ఆటలో మేస్త్రి వేషం తమ్ముడిదే. వాడు నడుము మీద చేతులు పెట్టుకుని, ఎంత లోతు తవ్వినా "తక్కువుంది" అనేవాడు. ఆ ఒక్కమాట మాత్రం అచ్చం మేస్త్రిలాగే అనేవాడు.

ఒక ఎండాకాలం లారీ తిరిగి వచ్చినప్పుడు అందులోంచి మూటలతో పాటు ఒక పెద్ద ఇనుప చెయ్యి దిగింది. నడుమ మోచెయ్యిలా మడత, చివర పళ్లున్న బొక్కెన. పని ముగిసిన చోట పాత తవ్వకం మిషన్‌ను విడగొట్టి తుక్కు కింద పడేస్తుంటే నాయిన అడిగి తెచ్చుకున్నాడట. పిల్లలం దానికి వెంటనే తొండం అని పేరు పెట్టేశాం. అవ్వ మాత్రం దాని చుట్టూ ఒకసారి తిరిగి, "అందరి కొడుకులు సీరెలు దెస్తరు, నా కొడుకు ఇనుప బొక్క దెచ్చిండు" అని ఊరంతా వినేలా అంది; మా వైపు బొక్కంటే ఎముక. నాయిన ఆలోచన వేరు. మా మేనమామ కొత్త ట్రాక్టర్ కొనుక్కున్నాక పాత ఎర్ర ట్రాక్టర్ పనిలేక పడి ఉంది, దాన్ని మాకిచ్చేశాడు. దానికి ఈ తొండం బిగిస్తే చుట్టుపక్కల చేలల్లో నీటిగుంటలు, కాలువలు తవ్వుకుంటూ ఇంటిపట్టునే ఉండొచ్చు. ఆ మాట చెవిన పడ్డాక నేనూ తమ్ముడూ రోజూ కిరోసిన్ గుడ్డతో ఆ ఇనుమును ఎంత తోమామంటే, అంత శ్రద్ధగా మా పళ్లు కూడా ఎప్పుడూ తోముకోలేదు. అమ్మ మాత్రం పారలు, తట్టలు పదిలంగానే దాచి ఉంచింది.

బతుకమ్మ రోజుల్లోనే మొదటిసారి బిగించారు. నాయినకు తెలిసింది నాగలి తగిలించడం. ట్రాక్టర్ వెనక నాగలిని పట్టుకునే ఇనుప చేతులకే తొండాన్ని తగిలించి, ఆయిల్ పంపుకు పైపులు కలిపి, మీట లాగాడు. తొండం ఒళ్లు విరుచుకున్నట్టు చాచుకుని, బొక్కెన నిండా తడిమట్టి తీసుకుంది. మేం చప్పట్లు కొట్టాం. బొక్కెన పైకి లేచేకొద్దీ ట్రాక్టర్ ముందు చక్రాలు కూడా నేల వదిలి పైకి లేచాయి.

"బొక్కెన దించురా! జల్ది దించు!" అని తాత గొంతు చించుకున్నాడు.

నాయిన దించాడు. చక్రాలు దబ్బున నేల మీద పడ్డాయి, వెనక కడ్డీ ఒకటి వంగిపోయింది, మనిషికి మాత్రం ఏమీ కాలేదు. చేతులకు పిండితోనే పరుగెత్తుకొచ్చిన అమ్మ, నాయినను పైనుంచి కిందిదాకా ఒకసారి చూసుకుని లోపలికి పోయింది. కాసేపటికి మళ్లీ రొట్టె తడుతున్న చప్పుడు వినిపించింది. ఆ చప్పుడుకు తమ్ముడు ఏడుపు అందుకున్నాడు.

నాగర్‌కర్నూల్‌లో వెల్డింగ్ దుకాణం నడిపే మస్తాన్ మామ వచ్చి చూసి నవ్వాడు. "నాగలి ఎన్కకు గుంజుతది, గంతే. గిది బరువు లేపుతది. గా సన్న చేతులతోని యాడ ఆగుతదే?" అన్నాడు. ట్రాక్టర్ పొట్ట కింద వెనక నుంచి ముందుదాకా ఇనుప పట్టీల చట్రం బిగించి, తొండాన్ని ఆ చట్రానికే కలిపాడు. తవ్వేటప్పుడు నేల మీద ఆనడానికి రెండు పక్కలా రెండు కాళ్లు పెట్టాడు. ముందువైపు బరువు కోసం ఇనుప పెట్టె కట్టి రాళ్లు నింపమన్నాడు. రాళ్లు చాలకపోతే తాత మెల్లగా అవ్వ రోలును దొర్లించుకొచ్చాడు. ఆ తర్వాత మా ఇంట్లో పచ్చడి నూరాలంటే ట్రాక్టర్ ఇంటికొచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. అవ్వ చాలాకాలం తాతతో సరిగ్గా మాట్లాడలేదు.

దసరా నాడు పారలకు, గడ్డపారలకు, తట్టలకు బొట్లు పెట్టి వాటి పక్కనే తొండానికి కూడా బంతిపూల దండ వేశారు. జమ్మి ఆకు పెద్దల చేతుల్లో పెట్టి కాళ్లు మొక్కుతున్నా నా కళ్లు వంటింట్లో గంప మీదే ఉన్నాయి. అది నిండిపోయింది.

లారీ రావడానికి ఇంకా ఒక్క పగలే ఉంది. ఆ పొద్దున మా చేలో, పల్లపు మూల, నీటిగుంట మొదలుపెట్టాడు నాయిన. రెండు కాళ్లూ నేలలో దిగాయి. తొండం వంగింది, మట్టి తీసింది, లేచింది. నేనూ తమ్ముడూ మట్టిలో బోర్లా పడుకుని ముందు చక్రాల కిందికే చూస్తున్నాం. చక్రాలు కదల్లేదు. నాయిన మళ్లీ తవ్వాడు, మళ్లీ కదల్లేదు. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి గుంట ఆకారం తేలింది. నాయిన ఇంజన్ ఆపి, చెమట తుడుచుకుంటూ గట్టు మీద నిలబడ్డాడు. తాత కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, బాగుందన్నట్టు తలూపాడు. అప్పుడే అన్నం గిన్నెతో వచ్చిన అమ్మ గుంటలోకి చూసి ఆగిపోయింది. గుంట నడుమ, బొక్కెన తగలకుండా ఎంతో జాగ్రత్తగా వదిలిన దిమ్మె నిటారుగా నిలబడి ఉంది.

"గది ఎవలికి సూపెట్టనీకె ఇడిసినవ్?" అంది అమ్మ. "ఈడ మేస్త్రి యాడుండు?"

నాయిన దిమ్మెను చూశాడు. తాత కూడా చూశాడు. ఇద్దరిలో ఒక్కరికీ అది వింతగా తోచలేదు మరి, అన్నేళ్ల అలవాటు. ముందు తాత నవ్వాడు, తర్వాత నాయిన గట్టు మీద కూలబడి కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. అమ్మ గిన్నె పక్కన పెట్టి, చీరకుచ్చిళ్లు దోపుకుని, పార పట్టుకుని గుంటలోకి దిగింది. ఎన్నేళ్లు ఎన్ని ఊళ్లలో మట్టి మోసిందో గానీ, దిమ్మెను తన చేత్తో కూల్చడం అమ్మకు అదే మొదలు. ఆఖరి పెళ్ల విరిగిపడగానే పైకి చూసి మాతో, "పోదం పాండ్రి ఇంటికి" అంది. నేను ఎగిరి గుంటలోకి దూకి ఆమె నడుమును చుట్టేసుకున్నాను. ఆమె ఒంటి మీద తడిమట్టి వాసన, గట్టు మీది ట్రాక్టర్ నుంచి వేడి ఇంజన్ ఆయిల్ వాసన. నా గుండెల మీంచి బండ దిగిపోయింది.

మర్నాడు లారీ వచ్చింది. అమ్మ రొట్టెల గంపను నెత్తిన పెట్టుకుని వెళ్లి, రొట్టెలన్నీ ఎక్కుతున్నవాళ్ల మూటల్లో సర్ది, ఖాళీ గంపతో తిరిగి వచ్చింది. ఆ ఏడు మా ఇంటి నుంచి రొట్టెలే వెళ్లాయి, మనుషులు వెళ్లలేదు.

ఇప్పుడు ఎర్ర ట్రాక్టర్ లేదు, తొండం లేదు. నాయిన వాటితో పని చాలించుకున్నాక రెండూ పాత ఇనుము కిందికే పోయాయి. అంచు పగిలిన రోలు మాత్రం అమ్మ దగ్గరికి తిరిగి చేరింది. పోయినవాటి కోసం దిగులుపడాలని అందరూ అంటారు గానీ, నాకు దసరాకు నిండే ఆ గంప పోయినందుకు ఇవాళ్టికీ సంతోషమే. మధ్యాహ్నం పనివాళ్లు తిండికి వెళ్లినప్పుడు గేటు దాటి వెళ్లి వీధిలో గుంటలోకి తొంగిచూశాను. నడుమ దిమ్మె ఏదీ లేదు. లోపలికి వచ్చి పొయ్యి మీద పెనం పెట్టి, జొన్నపిండి కలిపి, రొట్టెలు చేశాను. ఈ పూటకు సరిపోయేటన్నే.