మెట్ల కింది జనరేటర్‌కు శుక్రవారం హారతి

శుక్రవారం దీపం పెట్టాక మా ఇంట్లో హారతి రెండు చోట్ల జరిగేది. మొదటిది మూడో అంతస్తులో, దేవుడి అర ముందు. రెండోది కింద, మెట్ల కింద, డీజిల్ జనరేటర్ ముందు.

బర్మాలో, యాంగోన్ నగరం తామ్వే పేటలో మేముండే మేడలోని కుటుంబాలన్నీ కలిసి కొన్న జనరేటర్ అది. మా అత్తగారి కోసమే కొన్నారనాలి. ఆవిడ ఊపిరితిత్తులు బలహీనపడ్డాక మంచం పక్కన ఆక్సిజన్ యంత్రం పెట్టుకున్నాం. గాలిలోంచి ప్రాణవాయువును వేరుచేసి ముక్కు గొట్టంలోకి పంపుతుంది. అది నడవాలంటే కరెంటు కావాలి. యాంగోన్‌లో కరెంటు వంతుల వారీగా వస్తుంది, ఒక్కోసారి తన వంతు తానే మరిచిపోతుంది. అప్పుడు బ్యాటరీ సగం పూట ఆదుకుంటుంది. బ్యాటరీ కూడా అయిపోతే ఇక మెట్ల కింది జనరేటరే దిక్కు. దేవుడి దయవల్ల అంతదాకా ఎప్పుడూ రాలేదు. రాకుండా కాస్తున్నది ఆ హారతేనని మా అందరి నమ్మకం.

జనరేటర్‌కు పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, మల్లెపూలు చల్లి, స్టార్ట్ చేసేదాన్ని. కర్పూరం వెలిగి ఆరేదాకా మోగనిచ్చి ఆపేసేదాన్ని. కింద టీ కొట్టు నడిపే బర్మా పెద్దాయనను మేమంతా ఊలే అంటాం, బాబాయి అన్నట్టు. తన వంతుగా ఆయన ఓ గ్లాసు మంచినీళ్లు తెచ్చి దాని పక్కన పెట్టేవాడు. అలా రెండు వైపుల దేవుళ్ల కాపలాలో ఉండేది మా జనరేటర్.

ఇంతలో శ్రీకాకుళం నుంచి అత్తగారి తమ్ముడు వచ్చాడు. నాకు చినమావయ్య. పసివాడుగా ఉన్నప్పుడే పెద్దమ్మతో ఓడెక్కి ఇండియా వెళ్లిపోయాడు. అత్తగారు అమ్మమ్మ దగ్గర ఇక్కడే ఉండిపోయింది. ఆయన అక్కడ పని నేర్చుకుని, ఒక అణు విద్యుత్ కేంద్రంలో చేరి, రిటైరయ్యేదాకా అత్యవసర డీజిల్ ఇంజిన్లు చూసుకున్నాడు. బయటి కరెంటు పోయినా అణు ఇంధనాన్ని చల్లబరిచే పంపులు ఆగకూడదు. ఆ ఇంజిన్లున్నది అందుకే. చూడ్డానికి ఇల్లంత ఉంటాయట.

వచ్చిన మొదటి శుక్రవారమే హారతి పళ్లెం వెనకాల ఆయనా దిగి వచ్చాడు. నేను కర్పూరం ఆరగానే మీట నొక్కి ఇంజిన్ ఆపాను. ఆయన గుండె పట్టుకున్నాడు.

"ఏటమ్మా, ఆపేసినావు?"

"హారతి అయిపోయింది కదా మావయ్యా."

"ఎన్నాళ్ల నుంచి సేస్తన్నావిలగ?"

"కొన్నప్పటి నుంచీ. ఒక్క వారం తప్పలేదు."

ఆయన మెట్టు మీద కూలబడ్డాడు. మా నాన్న ఇంట్లో పలక మీద దిద్దించిన చదువు తప్ప నాకు వేరే చదువు లేదు. అది కనిపెట్టాడేమో, పొయ్యి భాషలో చెప్పాడు. "తడికట్టెల పొయ్యి ముట్టించి, రాజుకోకముందే ఆర్పేస్తే ఏటౌద్ది? పొగ, మసి. ఇదీ అంతే. కాలని డీజిలంతా లోపలే జిగురులాగ పేరుకుంటాది. ఇంజినన్నాక బరువెయ్యాల, అంటే దాని కరెంటు వాడాల, ఒళ్లు కాగేదాకా నడపాల. మా దగ్గర పది లెక్కెట్టేలోగా లేచి నిలబడాల, ఆ తర్వాత గంటల తరబడి బరువు మొయ్యాల. అప్పుడే పరీక్ష పాసైనట్టు."

పైకి వెళ్లి తమ్ముడి మాటలు చెబితే అత్తగారు ముక్కు గొట్టం సర్దుకుని, "ఆడు సిన్నప్పుడూ అంతే. ఎవులు దేనికి దండమెట్టినా తప్పులెంచేవోడు," అంది. కానీ ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు.

ఆదివారం ఉదయం పరీక్ష పెట్టాడు. అసలైన పరీక్షంటే, ఉన్న కరెంటు ఉన్నట్టుండి పోయినట్టు చెయ్యాలట. ఇతర దేశాల్లో ఆ మాట ఎలా వినబడుతుందో నాకు తెలియదు గానీ, ఇక్కడ వచ్చిన కరెంటును ఎవరూ ఆపరు. ఆ రోజు కరెంటు రాగానే వీధి వీధంతా ఎప్పటిలాగే "మీ లాబీ!" అని అరిచింది, కరెంటొచ్చిందని. ప్రతి వంటింట్లో రైస్ కుక్కర్ ఎక్కింది, ఇస్త్రీ పెట్టెలు వేడెక్కాయి, నీళ్ల మోటారు మొదలైంది. సరిగ్గా అప్పుడు చినమావయ్య మెయిన్ స్విచ్ కట్టేశాడు.

అంతస్తుకొక తల బయటికి వచ్చింది. ఊలే గరిటెతో పరిగెత్తుకొచ్చి బర్మాలో, "ఎవరు తీశారు?" అన్నాడు.

"మావాళ్లే ఊలే," అన్నాను.

"వచ్చిన కరెంటుని తీసేశారా? చేతులారా?" ఆయన ముఖంలో కోపం కన్నా ఆశ్చర్యమే ఎక్కువ కనిపించింది. పెట్టిన దండం మధ్యలో వెనక్కి తీసుకున్నవాణ్ని చూసినట్టు చూశాడు.

చినమావయ్య మాత్రం జనరేటర్ స్టార్ట్ చేసి, లెక్కపెట్టి, తల ఊపాడు. "లేచింది. ఇప్పుడు బరువు!" అంటూ మేడ కరెంటును దాని మీదికి మార్చి, అందర్నీ కుక్కర్లూ ఇస్త్రీ పెట్టెలూ వెయ్యమన్నాడు. వేశారు. జనరేటర్ గొంతు మారింది. దగ్గింది. పొగగొట్టంలోంచి నల్లటి నూనె చుక్కలు ఎగిరి, వెనక సందులో ఆరేసిన ఊలే గారి తెల్ల చొక్కా మీద వరసగా బొట్లు పెట్టాయి. ఇంకోసారి దగ్గి ఆగిపోయింది.

అవసరం వచ్చిన రోజున కూడా ఇలాగే ఆగిపోయేదని అందరికీ ఒకేసారి తట్టింది. నా చూపు మూడో అంతస్తు బాల్కనీ మీదికి పోయింది.

చినమావయ్య మెయిన్ స్విచ్ వేసి, చొక్కా విప్పి, పాత పేపర్లు పరిచి, జనరేటర్ విప్పేశాడు. గాలి ఫిల్టర్లోంచి ఎండు మల్లెలు, అగరొత్తి బూడిద, ఒక కొబ్బరి ముక్క బయటపడ్డాయి. ఒక్కోటీ తీసి ప్రసాదం పంచినట్టు నా చేతిలో పెట్టాడు. నేను రెండు చేతులూ పట్టాను, అలవాటు మరి.

"పూజ మానేయాలా మావయ్యా?" అని అడిగాను.

"ఎందుకు? దసరాకి మేవూ బొట్టెట్టేవోళ్లం ఇంజిన్లకి. పెద్దాఫీసర్లు సూసీ సూడనట్టు పోయేవోరు. బొట్టు టాంకు మీద ఎట్టు. దీని ముక్కులో పువ్వులు కూరకు."

అన్ని ముక్కలూ పేపర్ల మీద వరసగా ఉన్నప్పుడు కరెంటు పోయింది.

అప్పుడు చూశాను ఆయన ముఖం. చేతిలో స్పానర్ అలాగే ఆగింది. "అమ్మా," అన్నాడు మెల్లిగా, "మాకాడ ఒక ఇంజిన్ ఇప్పాలంటే ఇంకోటి సిద్ధంగా ఉందని సూసుకున్నాకే ముట్టుకునేవోళ్లం. ఇక్కడున్నదే ఒకటి. ఆ మాటే మరిసిపోనాను."

రాత్రి వాడేసిన బ్యాటరీ కూడా, పరీక్ష కోసం కరెంటు తీసేసినందుకు, సరిగ్గా నిండలేదు. పైనుంచి గంట మోగింది. మా బాల్కనీలో ప్రతి ఇంటికీ ఉన్నట్టే తాడు వేలాడుతుంటుంది, కొసన చిన్న గంట, ఒక క్లిప్పు. పేపరూ కూరలూ దానికి తగిలిస్తే పైకి లాక్కుంటాం. అత్తగారు దాన్నే ఊపుతోంది.

"ఒరే తమ్ముడా! ఈ డబ్బా మీద ఎర్ర లైటు ఎలుగుతోందిరా! పరీచ్చ నీ ఇంజిన్‌కా, నా పేణానికా?"

"బేగి అయిపోతాది అప్పా!" అని అక్కకు చెబుతున్నాడు, కానీ తొందరలో మర జారి కిందపడింది.

ఊలే అప్పటిదాకా నూనె మరకల చొక్కా భుజాన వేసుకుని చూస్తున్నాడు. గబగబా కొట్టులోకి వెళ్లాడు. అక్కడ ఫుట్‌బాల్ మ్యాచ్ కోసం టీవీకి వాడే చిన్న పెట్రోల్ జనరేటర్ మోగుతోంది. టీవీ ఆపేశాడు. మంచి ఆటలో ఉన్న గిరాకీలు గోల చేశారు. పొడవాటి వైరు తెచ్చి మా తాడు క్లిప్పుకు తగిలించి, పైకి చూసి గంట కొట్టాడు.

అత్తగారు వైరు లాక్కుంటోంది. నేను మెట్లెక్కి పరిగెత్తాను. నేను వెళ్లి దాన్ని ఆక్సిజన్ యంత్రానికి కలిపేసరికి ఆవిడ బాల్కనీలోకి తొంగి చూస్తూ, "ఇదేటే? కూరలొస్తాయనుకుంటే కరెంటొచ్చింది!" అంది ఆయాసపడుతూ. యంత్రం గురగుర మొదలైంది. ఆ క్షణంలో నేను ఎవరెవరికి దండం పెట్టుకున్నానో చెప్పలేను. వరసలో ఊలే కూడా ఉన్నాడు.

సాయంత్రానికి చినమావయ్య జనరేటర్ బిగించాడు. ఊలే జనరేటర్ పక్కన సిద్ధంగా ఉందని రెండుసార్లు అడిగి తెలుసుకుని అప్పుడు మీట నొక్కాడు. కుక్కర్లన్నీ వేశాం. కాసేపు నల్లగా పొగ వచ్చి, సన్నబడి, పోయింది. గొంతు నిలకడగా ఉంది. గంటసేపు బరువు మోసింది. ఆ రాత్రి మేడంతా అవసరానికి మించి అన్నం వండుకుని, మిగిలింది ఊలే కొట్టుకు పంపాం. ఆయన చొక్కాకు మాత్రం ఏ సబ్బూ పనిచేయలేదు. అది ఇప్పుడు ఆయన టెస్టు చొక్కా.

మా శుక్రవారం కూడా మారింది. నెలకొకసారే జనరేటర్ హారతి. కర్పూరం ఆరినా ఇంజిన్ ఆపం. అన్ని ఇళ్లలో అన్నం ఉడికి, ఇస్త్రీలు అయ్యేదాకా నడుస్తుంది. ఊలే మంచినీళ్ల గ్లాసు ఇప్పుడు ఫిల్టర్‌కు దూరంగా ఉంటుంది. వర్షాకాలంలో ఒకసారి పగలూ రాత్రీ కరెంటు రాలేదు. బ్యాటరీ అయిపోయాక మెట్ల కిందిది అందుకుంది. తెల్లారేదాకా దగ్గలేదు. అత్తగారు మాత్రం ఆ చప్పుడుకి నిద్రపట్టలేదని పొద్దున్నే తిట్టింది. ఆ తిట్టు విని నేను దీపం పెట్టాను.

చినమావయ్య శ్రీకాకుళం వెళ్లిపోయాడు. కానీ హారతి శుక్రవారం నాడు ఫోన్ చేస్తాడు. అక్క క్షేమం ఒక్క మాటలో అడిగేసి, "కిందకి దించప్పా," అంటాడు. అత్తగారు ఫోన్‌ను కూరల బుట్టలో పెట్టి, తాడుకు తగిలించి, బాల్కనీలోంచి మెట్ల దాకా దింపుతుంది. ఊలే దాన్ని అందుకుని జనరేటర్ పక్కన పట్టుకుంటాడు.

"నా గొంతు ఇనడానికి కాదట," అంటుంది అత్తగారు తాడు పట్టుకుని, "దాని గొంతు ఇనడానికి!"

కిందనుంచి, ఇంజిన్ మోతలో, బుట్టలోంచి చినమావయ్య గొంతు వినిపిస్తుంది. "ఆపకండి... ఇంకా సల్లగుంది... ఇంకో కుక్కర్ ఎయ్యండి!"