లెఫ్ట్ బాబాయి, నా తలకాయ

ఎవరైనా "వస్తావా?" అంటే "ఎక్కడికి?" అని అడక్కుండా చెప్పులు వేసుకునే వయసొకటి ఉంటుంది. ఇప్పుడైతే ఎంతసేపు, ఎండ ఉంటుందా, పార్కింగ్ దొరుకుతుందా అని వంద ఆరాలు తీసి చివరికి ఇంట్లోనే ఉండిపోతాను. అమెరికాలో క్యారీ అనే ఊళ్ళో నా మొదటి ఉద్యోగం రోజుల్లో అలా కాదు. రోజంతా ఎవరో రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం నా పని (దాన్ని టెస్టింగ్ అంటారు, మా అమ్మ చుట్టాలందరికీ 'దిద్దే ఉద్యోగం' అని చెప్పడంతో నేను అమెరికాలో పంతులమ్మనని ఇప్పటికీ నమ్మేవాళ్ళున్నారు). శనివారం ఇండియన్ స్టోరు, ఆదివారం బట్టలు ఉతుక్కోవడం. అలాంటి ఒక ఆదివారం నా గుంటూరు రూమ్మేట్ వచ్చి, "రావే, గ్రౌండ్‌లో ఒక గంట నిలబడితే బిర్యానీ పెట్టిస్తారంట" అంది. వెళ్ళాను. నా ఫుట్‌బాల్ జీవితం బిర్యానీతో మొదలైందని ఒప్పుకోవడానికి నాకేమీ సిగ్గులేదు.

విషయమేమిటంటే, మా ఊళ్ళో ఆదివారాలు జరిగే ఆ లీగ్‌లో ఆడా మగా కలిసి ఆడాలి. ప్రతి టీమ్‌లోనూ కనీసం ఇద్దరు ఆడవాళ్ళు మైదానంలో ఉండి తీరాలన్నది రూలు. తెలుగువాళ్ళ టీమ్‌కి మగపిల్లలు కావలసినంతమంది దొరికారు, అందరూ క్రికెట్ నుంచి వచ్చినవాళ్ళే. (బంతి గాల్లోకి లేస్తే చాలు, ఇద్దరు ముగ్గురు "మైన్! మైన్!" అని అరుస్తూ చేతులు చాచేవారు. ఒకడు నిజంగా పట్టేసుకుని, అవుట్ ఇవ్వమని రిఫరీ వైపు చూశాడు.) ఆడవాళ్ళు మాత్రం దొరకలేదు. కెప్టెన్ వరంగల్ అన్న నన్ను కింది నుంచి పై దాకా చూసి, "చెల్లె, నువ్వు ఉరుకకున్నా సరే, ఊకె నిలవడు. రూల్ కోసమే. జెర్సీ మేమే ఇస్తం" అన్నాడు.

కింది నుంచి పై దాకా చూడడానికి ఆయనకి కాస్త సమయం పట్టింది, ఎందుకంటే నేను పొడుగు. మామూలు పొడుగు కాదు. ఇంట్లో నా ముద్దుపేరు నిచ్చెన. పెళ్ళిచూపుల్లో చెప్పులు లేకుండా నిలబెట్టినా అవతలి అబ్బాయి నా గడ్డం దగ్గర ఆగిపోయేవాడు. అమ్మ వెనకనుంచి గిల్లుతూ "కొంచెం వంగి నిలబడవే" అని గొణిగేది. ఆ మాట ఎన్నిసార్లు విన్నానంటే, అమెరికా వచ్చాక కూడా లిఫ్ట్‌లో, మీటింగుల్లో, చివరికి ఒంటరిగా సింక్ దగ్గర గిన్నెలు తోముతున్నప్పుడు కూడా వంగే ఉండేదాన్ని.

నన్ను చూసి ముఖం వెలిగిపోయిన మొదటి మనిషి లెఫ్ట్ బాబాయి. ఆయన తెలుగాయన కాదు, ఇంగ్లండాయన. యాభై దాటిన మనిషి, సన్నగా, ఎండకి కమిలిన మెడతో ఉండేవారు. అమెరికన్ ఆవిడని పెళ్ళి చేసుకుని క్యారీలో స్థిరపడి, పక్క గ్రౌండ్‌లో చిన్నపిల్లలకి కోచింగ్ ఇచ్చేవారు. మా ఆట చూసి చూసి భరించలేక ఒకరోజు గీత దాటి వచ్చేశారట, అప్పటినుంచి మా టీమ్‌లో ఆడుతున్నారు. ఎప్పుడూ మైదానం ఎడమ అంచున గీత వెంబడే ఉంటారు కాబట్టి కుర్రాళ్ళు ఆ పేరు పెట్టారు. "నిటారుగా నిలబడు" అన్నారాయన నాతో, పలకరింపులేవీ లేకుండా. "దేవుడు ఇంత ఎత్తు ఇచ్చింది దాచుకోవడానికా?" (ఆయన మాటలన్నీ ఇంగ్లీషులోనే. నా జ్ఞాపకంలో అవెప్పుడో తెలుగైపోయాయి.) నేను నిటారుగా నిలబడ్డాను. నడుం కలుక్కుమంది.

ఆయన కథ మాకు బిర్యానీ తింటూండగా ముక్కలు ముక్కలుగా తెలిసింది. ఇంగ్లండ్‌లో టీవీలో చూపించే పెద్ద లీగ్ కింద మెట్లు మెట్లుగా చాలా లీగులున్నాయట. ఈయన జీవితమంతా ఆ కింది మెట్ల మీదే వింగర్‌గా ఆడారు. వింగర్ అంటే గీత వెంట పరుగెత్తి, అవతలివాణ్ణి దాటుకుని, గోల్ ముందు కాచుకున్న మనవాడి తలకి అందేలా బంతిని గాల్లో పంపేవాడు. ఆ పంపడాన్ని క్రాస్ అంటారు. మనవాడు దాన్ని తలతో గోల్‌లోకి కొడితే జనం లేచి మనవాడి పేరు అరుస్తారు. చిన్న చిన్న ఊళ్ళు, వానలో బురద మైదానాలు, గంటల తరబడి బస్సు ప్రయాణాలు, వేసవిలో ఇళ్ళకి రంగులు వేసే పని. ఏటా సీజన్ అయిపోగానే మేనేజర్ గదిలోకి పిలిచి కాంట్రాక్టు పొడిగిస్తున్నామో లేదో చెప్తారట. లేదంటే కొత్త క్లబ్బు పిలిచేదాకా ఫోన్ దగ్గర కూర్చోవాలి. ఇది వినగానే టేబుల్ చుట్టూ ఉన్న, వీసా పొడిగింపు కోసం ఎదురుచూసే హెచ్-వన్ కుర్రాళ్ళంతా తినడం ఆపేశారు. వరంగల్ అన్న ఆయన ప్లేట్‌లో ఇంకో లెగ్ పీస్ వేసి, "మా లెక్కనే ఉన్నది బాబాయి నీ కత" అన్నాడు. తెలుగు రాకపోయినా ఆయనకి అర్థమైనట్టే ఉంది.

ఒక్కసారి మాత్రం వాళ్ళ క్లబ్బుకి ఒక కప్పు పోటీలో చాలా పెద్ద టీమ్‌తో ఆట పడింది. టీవీలో అందరికీ తెలిసిన డిఫెండర్‌ని ఈయన దాటేసి క్రాస్ వేశారు, తన జన్మలో వేసిన వాటన్నిటిలోకీ మంచి క్రాస్. ముందున్నవాడు తలతో కొట్టాడు, బంతి గోల్ పైనుంచి వెళ్ళిపోయింది. "ఆ ఊళ్ళో ఇప్పటికీ వాడు పోగొట్టిన గోల్ గురించి చెప్పుకుంటారు. క్రాస్ ఎవరేశారో ఎవరికీ గుర్తులేదు" అన్నారు, పెరుగు పచ్చడి కలుపుకుంటూ. గొంతులో బాధేమీ లేదు.

ఆ సీజన్ ఆయనకి ఆఖరిది. మోకాలికి ఆపరేషన్ ఖాయమైంది, ఆ తర్వాత పరుగు లేదని డాక్టరు తేల్చేశాడు. "ఆ లోపల ఒక్కటి" అన్నారు నాతో. "నేను వేసిన క్రాస్ ఎవరో ఒకరి తలకి తగిలి లోపలికి వెళ్ళడం ఇంకొక్కసారి చూడాలి. అంతే." మా టీమ్‌లో అది జరిగే పని కాదు. బంతి తల దగ్గరికొస్తే మా ఇంజనీర్లంతా చటుక్కున కూర్చునేవారు. ("తలకేమైనా అయితే సోమవారం కోడ్ ఎవడు రాస్తాడు?") అందుకే ఆయన ఆశలన్నీ నా ఎత్తు మీద పెట్టుకున్నారు.

ఇక నాకు శిక్షణ మొదలైంది. ఆఫీసు నుంచి నేరుగా గ్రౌండ్‌కి వెళ్ళడం, ఆయన బంతి విసరడం, నేను కళ్ళు గట్టిగా మూసుకోవడం. "కళ్ళు తెరువు. నుదురుతో కొట్టు. అది వచ్చి నిన్ను కొట్టేదాకా ఆగకు, నువ్వే వెళ్ళి దాన్ని కొట్టు." తలకి నూనె పెట్టుకున్న రోజు బంతి జారి ఎటో పోయింది. మొదటిసారి సరిగ్గా తగిలిన రోజు కళ్ళు తెరిచి చూస్తే నా స్టిక్కర్ బొట్టు బంతి మీద ఉంది. ఆయన దాన్ని వేలితో జాగ్రత్తగా ఒలిచి నా అరచేతిలో పెట్టి, "చూశావా, నుదురు తగిలింది. బతికే ఉన్నావు" అన్నారు. ఆ బొట్టు చాలా రోజులు కారు డాష్‌బోర్డు మీదే ఉంది.

తల సంగతి అలా ఓ దారికొస్తోంటే కాలు అడ్డం పడింది. ఎవరికైనా కాలు తగిలితే వాళ్ళని తాకి ఆ చెయ్యి కళ్ళకద్దుకోవడం మనకి నేర్పినట్టు కూడా గుర్తుండదు, ఊపిరి తీసుకున్నట్టే జరిగిపోతుంది. నా మొదటి మ్యాచ్‌లోనే అవతలి కుర్రాడి పిక్కకి నా బూటు తగిలింది. ఆగాను. వాడి భుజం తాకి కళ్ళకద్దుకున్నాను. వాడు కంగారుపడి "ఐయామ్ ఓకే, ఐయామ్ ఓకే" అన్నాడు. ఈ మర్యాదలు ముగిసేసరికి వాళ్ళు మా వైపు గోల్ వేసి కౌగలించుకుంటున్నారు. "నువ్వు దణ్ణం పెట్టేలోపు వాళ్ళు గోల్ పెట్టేశారే!" అని రూమ్మేట్ నెత్తి కొట్టుకుంది. వరంగల్ అన్నయితే పరుగున వచ్చాడు. "చెల్లె, గవన్ని ఇంట్ల వెట్టుకో! ఈడ కాలు తాకకుంట ఆట ఎట్లయితది?" అని కేకలేస్తూ వెనక్కి తిరిగి రిఫరీ కాలు తొక్కాడు. తొక్కిన వెంటనే ఆయన చెయ్యి ఎక్కడికి వెళ్ళిందో మేమంతా చూశాం.

సీజన్ చివరి మ్యాచ్ ఒక మందుల కంపెనీ ఉద్యోగుల టీమ్‌తో. మేము ఓడిపోతామన్న విషయంలో ఎవరికీ సందేహం లేదు, ఎంత తేడాతో అన్నదే చర్చ. నాకు మాత్రం రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. జన్మలో మొదటిసారి ఒక మనిషికి నా ఎత్తుతో పనిపడింది, ఆ ఒక్క పనీ చెయ్యలేకపోతే ఎలా అని ఒకటే దిగులు. బాబాయి మోకాలికి పట్టీ చుట్టుకుని వచ్చారు. ఆట మొదలైంది. ఆయన క్రాసులు వేస్తూనే ఉన్నారు, ఒక్కొక్కటీ గీత గీసినట్టు గోల్ ముందు నుంచి వెళ్ళిపోతూనే ఉంది. ఒకదానికి నేను ముందే ఎగిరాను. ఒకదానికి ఎగరడమే మర్చిపోయి అందంగా ఉందని చూస్తూ నిలబడ్డాను. ఆయన తిట్టలేదు. ప్రతిసారీ చెయ్యి ఎత్తి, ఇంకోటి వస్తుందన్నట్టు తల ఊపి, కుంటుకుంటూ వెనక్కి వెళ్ళేవారు. అప్పటికి మేము నాలుగు గోల్స్ వెనకబడి ఉన్నాం.

ఇక రిఫరీ గడియారం చూసుకుంటున్నాడు. బాబాయికి గీత దగ్గర బంతి అందింది. ఎదురుగా ఆయన వయసులో సగం కూడా లేని కుర్రాడు. భుజం లోపలికి వంచినట్టు చూపించి కాలు బయటికి తీశారు. తన ముప్పయ్యేళ్ళ ఆటలో అదొక్కటే ట్రిక్కని మాతో చాలాసార్లు చెప్పారు. ఆ కుర్రాడు లోపలికి వెళ్ళాడు, బాబాయి బయటికి వెళ్ళారు. బంతి లేచింది. కళ్ళు తెరిచే ఉంచాను, నిటారుగానే ఉన్నాను, ఇది నాదేనని తెలిసిపోయింది. ఒక్క అడుగు ముందుకేశాను. ఆ అడుగు నన్ను కాపలా కాస్తున్న గడ్డం అబ్బాయి పాదం మీద పడింది.

ఆ తర్వాత నేను ఆలోచించి చేసిందేమీ లేదు. పాతికేళ్ళు వంగి నిలబడిన నడుం తనంతట తానే వంగింది, చెయ్యి అతని మోకాలు తాకి కళ్ళ దగ్గరికి వెళ్ళింది. సరిగ్గా అప్పుడే జడ మొదట్లో ఎవరో పీట తీసి కొట్టినట్టయింది. కళ్ళ ముందు నక్షత్రాలు. అవి తగ్గాక చూస్తే గోల్‌కీపర్ ఒక పక్కకి పడి ఉన్నాడు, బంతి ఇంకో పక్క నుంచి వలలోకి వెళ్ళి కూర్చుంది. గడ్డం అబ్బాయి ఒకసారి నన్ను, ఒకసారి తన మోకాలిని చూసుకుంటున్నాడు. మా వాళ్ళు ప్రపంచ కప్పు గెలిచినట్టు అరుస్తున్నారు.

బాబాయి మాత్రం గీత దగ్గర కూలబడ్డారు. మోకాలు పోయిందనుకుని పరుగెత్తాను. దగ్గరికెళ్తే నవ్వుతున్నారు, కళ్ళల్లోంచి నీళ్ళు కారిపోతున్నాయి. "తలేనా?" అని అడిగారు. "తలే" అన్నాను, వెనక వాచిన చోట రుద్దుకుంటూ. "అయితే లెక్కే" అన్నారు. కాసేపటికి ఊపిరి కుదుటపడ్డాక, "ఇంతకీ నువ్వు వంగి చేసేదేమిటి? సీజనంతా చూస్తున్నాను" అన్నారు. చెప్పాను. మనిషిలో దేవుడుంటాడంటారు, కాలు తగిలితే ఆయనకి క్షమాపణ చెప్పుకుంటామని. ఆయన గడ్డి పరకలు పీకుతూ విన్నారు. "నా ఆటంతా నన్ను తన్నడమే పనిగా పెట్టుకున్నవాళ్ళతోనే గడిచింది. ఒక్కడూ ఆగలేదు" అన్నారు.

ఆ సాయంత్రం బిర్యానీ అయ్యాక పార్కింగ్‌లో వీడ్కోలు చెప్తూంటే, కారు ఎక్కబోయిన ఆయన పట్టీ కాలు నా చెప్పుకి తగిలింది. ఆయన మళ్ళీ దిగారు. డోరు పట్టుకుని కష్టం మీద నిలదొక్కుకుని, నా భుజం తాకి, ఆ చేతిని ఒక కంటికే అద్దుకున్నారు (రెండు కళ్ళకీ అని నేను చెప్పడం మర్చిపోయాను). స్టీరింగ్ దగ్గరున్న వాళ్ళావిడ ఏమీ అర్థంకాక హారన్ కొట్టింది. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను.

తర్వాత వాళ్ళు కొండల వైపు మారిపోయారు. ఇన్నేళ్ళయినా అప్పుడప్పుడూ వీడియో కాల్ చేస్తారు. మా అమ్మాయికి ఆ గోల్ కథ చెప్తే గాని ఫోన్ పెట్టరు. ఆయన చెప్పేదాంట్లో నేను గాల్లోకి లేస్తాను, ఏడాదికేడాది ఇంకొంచెం పైకి. కిందటి పండక్కి నా నడుం గోల్‌కీపర్ తల దాటిపోయింది. వంగిన సంగతి ఆయనా ఎత్తరు, నేనూ ఎత్తను. మా అమ్మాయికి నా పొడుగే వచ్చింది, అదీ లీగ్‌లో ఎడమ వైపే ఆడుతుంది. దాన్ని వంగమని ఎవరూ అనకుండా నేను కాపలా కాస్తుంటాను. ఆటలో మాత్రం రాక్షసి. ఎవరి కాళ్ళు అడ్డమొచ్చినా ఆగదు, వెనక్కి తిరిగైనా చూడదు. మడత కుర్చీలో కూర్చున్న నా చెయ్యి మాత్రం ప్రతిసారీ కళ్ళ దగ్గరికి వెళ్ళిపోతుంది. "అమ్మా, నువ్ అలా చేయకు, ఎవ్రీవన్ చూస్తున్నారు" అని అది మైదానంలోంచే అరుస్తుంది.

మొన్న ఆదివారం పక్క కుర్చీలో ఉన్న ఒకావిడ చాలాసేపు నన్ను గమనించి, నెమ్మదిగా, "ప్రార్థన చేస్తున్నారా?" అని అడిగింది. "లేదండీ, మా అమ్మాయి మీ అబ్బాయిని తన్నింది" అన్నాను. ఆవిడ కాసేపు నన్ను, కాసేపు వాళ్ళబ్బాయి మోకాలిని చూసింది, అచ్చం ఆ రోజు గడ్డం అబ్బాయి చూసినట్టే. నేను కుర్చీలో నిటారుగా సర్దుకుని కూర్చున్నాను. జడ మొదట్లో చెయ్యి పెడితే ఆ చోటు ఇప్పటికీ తెలుస్తుంది.