కడుపునొప్పి అని రాయొద్దు

తమిళనాడు వెల్లిచందైలో తెలుగువాళ్లుండే ఆ వీధిలో పురుగుమందు కావాలంటే ఇద్దరు కలిసి రావాలి. ఒక్కరే వస్తే అక్కమ్మ పెట్టె తాళం తీయదు. టమాటా తోటలున్న పదకొండు ఇళ్ల మందు డబ్బాలూ ఆమె ఇంట్లోని ఇనుప పెట్టెలోనే ఉంటాయి. తాళంచెవి ఆమె బొడ్లో ఉంటుంది. ఈమె పెత్తనమేమిటని మొదట మూతులు విరిచినవాళ్లూ ఇప్పుడు నోరు మూసుకుని తెచ్చి ఇచ్చి పోతున్నారు. అక్కమ్మతో వాదించి గెలిచినవాడు ఆ వీధిలో ఇంకా పుట్టలేదు.

ఆ పెట్టె ఊరికే రాలేదు. నాలుగేళ్ల కిందట ఆమె కూతురు ఉషా, ప్లస్ టూ చదివే పిల్ల, ఇంట్లో ఉన్న మందుతోనే ప్రాణం తీసుకుంది. పోలీసులు వచ్చినప్పుడు పెద్దమనుషులు అక్కమ్మను పక్కకు పిలిచారు. "కడుపునొప్పి తాళలేక అని చెప్పు. అందరూ చెప్పేది అదే. పరువు నిలస్తాది" అన్నారు. ఆమె అలాగే చెప్పి వేలిముద్ర వేసింది. ఉషాకు ఏనాడూ కడుపునొప్పి లేదు. నెలల తరబడి నిద్ర లేక "ఏమీ బాగలేదుమా" అంటే, ఆ పిల్లకు ఉన్నది పరీక్షల భయమే అనుకుంది తల్లి. ఆ చుట్టుపక్కల ఊళ్లలో కడుపునొప్పితో పోయినవాళ్లందరినీ లెక్కపెడితే డాక్టర్లే హడలిపోవాలి.

మొన్న మంగళవారం పొద్దున పక్కింటి ధనశేఖర్ ఒంటరిగా వచ్చాడు.

"మందియ్యక్కా. తోటకు కొట్టల్ల."

"నీ పెండ్లాం ఏదిరా?"

"వాళ్లమ్మింటికి పోయింది. నా మందు నాకిచ్చేదానికి నీకేం కష్టం?"

అతను కాయంతా కోసి, చెట్లు పీకేసి వారమైంది. అక్కమ్మ కళ్లారా చూసింది.

"పీకేసిన తోటకు మందేంటికి?"

అతను వెనక్కి తిరిగాడు. అక్కమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది.

"ధనా, చచ్చిపోవాలని ఉండాదా?"

అలా సూటిగా అడిగితే లేని ఆలోచన పుడుతుందని ఊరంతా నమ్ముతుంది. అక్కమ్మ నమ్మదు. ఉషాను ఎవరూ అడగలేదు కదా, అయినా పోయింది. ధనశేఖర్ అవునన్నట్టు తల ఊపాడు.

అక్కమ్మ అతని భార్య సెల్వరాణికి ఫోన్ చేసి రమ్మంది. అతనికి రాగిసంకటి తినిపించి, చెయ్యి వదలకుండా బస్సెక్కించి ఆస్పత్రికి తీసుకుపోయింది. చీటీ రాసే అమ్మాయి ఏం జబ్బని తమిళంలో అడిగింది.

"కడుపునొప్పి" అన్నాడతను అలవాటుగా.

"కాదు." అక్కమ్మ వరసలో ఉన్నవాళ్లంతా వినేలా తమిళంలోనే చెప్పింది. "వీనికి చావాలనిపిస్తా ఉండాది. అదే రాయి తల్లీ."

అందరూ తిరిగి చూశారు. అతను ఆమె చెయ్యి లాగాడు. "పరువు పోతాదక్కా."

"పోనీరా. ఉషా పోయినప్పుడు నిలబెట్టుకున్న పరువు ఇంట్లోనే ఉండాది. కూతురా అని పిలిస్తే అది పలకతాదా?"

రాసే అమ్మాయి పెన్ను పట్టుకుని అతని వైపే చూస్తోంది. ధనశేఖర్ అక్కమ్మ చెయ్యి వదిలి ముందుకు జరిగాడు.

"ఆయమ్మ చెప్పేది నిజమే. అట్లే రాసుకోండి" అన్నాడు.