శాలలో గేదెను విప్పిందెవరు

దెయ్యాలూ గాలులూ అంటే నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. ఎవరైనా అలాంటివి చెబితే నవ్వి ఊరుకునేదాన్ని. ఇదీ దెయ్యం కథేనని నేననడం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతున్నాను.

మాది పెందుర్తి దాటాక కొండ కింద పల్లె. మా ఆయన పోర్టులో క్రేన్ నడుపుతారు. నేను కంచరపాలెంలో ఒక మందుల షాపులో బిల్లింగ్ చూస్తాను. ఇంట్లో అత్త, ఐదేళ్ళ మా పాప. శాలలో ఒక పాడిగేదె, దాని దూడ.

ఆ వేసవిలో కొండకి నిప్పంటుకుంది. మూడు రోజులైనా ఆరలేదు. ఉతికిన బట్టలు బయట ఆరేస్తే బూడిద. అన్నం గిన్నె మూత తీస్తే బూడిద. అయినా పాలు పితకడం, నేను బస్సెక్కి డ్యూటీకి పోవడం ఆగలేదు. మగవాళ్ళు మంట కిందికి దిగకుండా జీడితోటల అంచున తుప్పలు నరుకుతున్నారు. ఆడవాళ్ళం డ్రమ్ములు నింపి గడ్డివాముల మీద నీళ్ళు చల్లేవాళ్ళం.

నాలుగో రోజు నాకు సెలవు. మధ్యాహ్నం భోజనాలయ్యాక గాలి ఊరివైపు తిరిగింది. అందరినీ రోడ్డు పక్క హైస్కూలుకి పొమ్మని కొండ మీంచి మనుషులు పరుగెత్తుకొచ్చారు. అత్తని పక్కింటి అప్పలరాజు అన్నయ్య ఆటోలో ఎక్కించాను. ఆయన ఇంకో ఇద్దరు ముసలివాళ్ళని ఎక్కించుకోవాలంటూ నన్ను ముందు పొమ్మన్నాడు. ఒంటి మీదున్న నీలం నైటీ మీదే చున్నీ వేసుకుని, పాపని స్కూటీ ముందు నిలబెట్టుకుని బయల్దేరాను.

తారురోడ్డు ఎక్కుతుంటే గేదె గుర్తొచ్చింది. దూడతో సహా శాలలో కట్టేసే ఉంది. బండి ఆపాను. పాప దగ్గుతోంది. వెనక్కి చూస్తే ఊరు కనబడలేదు, అంతా పొగే. బండి ముందుకే పోనిచ్చాను.

స్కూల్లో పాప మొహం కడిగి మా ఆయనకి ఫోన్ చేశాను. ఆ తర్వాత కొంతసేపటికి ఆటో వచ్చింది. అత్త దిగి, నన్ను చూసి అక్కడే నిలబడిపోయింది.

"నువ్వెప్పుడొచ్చీసేవే? ఇప్పుడే కదా సాలలో గేదిని ఇప్పతన్నావు?"

నేను ఎప్పుడో వచ్చేశానన్నాను. ఆవిడ ఆటో వైపు తిరిగింది. అప్పలరాజు అన్నయ్య ఆటో దిగి వచ్చాడు.

"నాను కేకేసేను కదా సెల్లెమ్మా. ఆటో ఎక్కమంటే, మీరు పొండని సెయ్యూపేవు."

ఆ మనిషి ఏం వేసుకుని ఉందని అడిగాను. ఇదే నీలం నైటీ అన్నాడు. చున్నీ తలకి చుట్టుకుని ఉందట. పాప ఎక్కడుందన్న ఆలోచన ఆ క్షణంలో అత్తకి రాలేదట.

స్కూలుకి ఉన్నది ఒకటే దారి. ఆ ఆటోని దాటి నేను రాలేదు. తర్వాత రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టి చూశాం. శాల దగ్గర కేకేసిన వెంటనే అప్పలరాజు అన్నయ్య మా వీధిలోంచి తన తమ్ముడికి చేసిన టైమూ, స్కూల్లోంచి నేను మా ఆయనకి చేసిన టైమూ ఒకటే.

అరగంటకి గేదె, దాని వెనక దూడ, వాటంతట అవే స్కూలు గేటు దగ్గరికి వచ్చాయి. మెడల్లో పలుపులు లేవు. సాయంత్రం ఫైరింజన్ వాళ్ళు మంట ఆర్పాక వెళ్ళి చూశాం. ఇల్లు మిగిలింది, శాల కాలిపోయింది. రెండు పలుపులూ చుట్టచుట్టి పెరటి గోడ మీద పెట్టి ఉన్నాయి. తెగలేదు, కాలలేదు. ఊళ్ళో అందరినీ అడిగాం. మా శాలలోకి వెళ్ళామన్నవాళ్ళు ఒక్కరూ లేరు.

నేను కాదని అత్తకి చాలాసార్లు చెప్పాను. దిష్టి తగులుతుందని దాస్తున్నాననుకుంటుంది. ఇంటికెవరొచ్చినా, మా కోడలు ప్రాణానికి తెగించి మూగజీవాల్ని కాపాడిందని చెబుతుంది. వాళ్ళు నా వైపు చూస్తారు. నేను లోపలికి వెళ్ళిపోతాను.

గుర్తొచ్చి కూడా బండి తిప్పలేదని మాత్రం ఆవిడకి ఇంతవరకూ చెప్పలేకపోయాను. ఆ రోజు వాళ్ళిద్దరూ చూసిన మనిషి ఎవరో నాకిప్పటికీ తెలీదు. నేను మాత్రం కాదు.