హెలెనక్క కాగితం పరీక్ష

మా హెలెనక్క నమ్మేవి రెండే: పైన ప్రభువు, చేతిలో టిష్యూ కాగితం. మనిషి మాటకి మూడో స్థానం కూడా ఇవ్వదు.

పలాసలో ఒక చిన్న ఆసుపత్రి ఆపరేషన్ థియేటర్లో ఇరవై రెండేళ్లుగా నర్సు. అక్కడి కరెంటు కత్తి బాధ్యత ఆవిడదే. పెన్నులా ఉండే ఆ కత్తి కోస్తుంది, కోసినచోటే కాల్చి రక్తం ఆపేస్తుంది. ఒంట్లోకి వెళ్లిన కరెంటు తిరిగి రావడానికి రోగి తొడకి ప్లేటొకటి అతికించాలి. అది సరిగ్గా అంటకపోతే మిషను కుయ్యోమని మొరాయిస్తుంది. కొబ్బరితోటల మా ఉద్దానంలో అంటకపోవడానికి కారణం ఒకటే: కొబ్బరినూనె.

ఆ గురువారం జలంత్రకోట నుంచి బైరాగి వచ్చాడు. కొబ్బరిచెట్లెక్కే మనిషి, గజ్జల్లో హెర్నియా. సర్జను వైజాగు నుంచి గురువారాలే వస్తాడు. పోయిన వారం టీ తాగొచ్చాడని బైరాగిని వెనక్కి పంపేశారు. ఈసారీ పంపేస్తే ఇంకో వారం నొప్పి, ఇంకో వారం చెట్టెక్కే కూలి లేదు.

నడుము కింద మత్తిచ్చాక ప్లేటు వేస్తే మిషను కుయ్యోమంది. రెండోది జారిపోయింది. ఇక మిగిలిన ప్లేటు ఒక్కటే.

“మావా, నూనె రాసేవా?”

“నానా? లేదమ్మా, ఒట్టు!”

హెలెనక్క తొడ మీద టిష్యూ అద్ది లైటుకేసి పట్టింది.

“నువ్వు అబద్దమాడినా కాయితం ఆడదు మావా. అరటికాయ బజ్జీలు కట్టినట్టుంది సూడు.”

బైరాగి కళ్లు మూసుకున్నాడు. “మా ఇంటిది బొడ్డమ్మే రాసింది. ఎండిపోయిన ఒల్లుతో ఎల్తే, పెల్లాం సరిగ్గా సూత్తం లేదనుకుంటారంట. సెప్తే మల్లీ పంపేత్తారని...”

సర్జను గడియారం చూశాడు. “సిస్టర్, వచ్చే వారం పెట్టుకుందామా?”

“ఐదు నిమిషాలు సార్. మూకుడు తోమీగలను, మనిషిని తోమలేనా?”

సబ్బు, తర్వాత స్పిరిటు. అది పూర్తిగా ఆరేదాకా ఎవర్నీ కదలనివ్వలేదు. కాగితం అద్దితే మరక. మళ్లీ తోమింది; కాస్త మరక. మూడోసారికి కాగితం పొడిగా వచ్చింది. ఆఖరి ప్లేటు అంచు నుంచి అరచేత్తో నెమ్మదిగా అదిమింది. అందరూ మిషను వైపు చూశారు.

కిక్కురుమనలేదు.

“మొదలెట్టండి సార్.”

కాసేపటికి సన్నగా పొగ లేచింది. ఆకుపచ్చ గుడ్డ ఇవతల బైరాగి ముక్కు ఎగబీల్చాడు.

“అమ్మా, ఎవులో ఏటో మాడబెట్టేత్తన్నారు!”

“నిన్నే మావా. సేతులు కదపకు.”