పొయ్యి మీది అటక

అనంతగిరిలో ఇంటికి తాళం వేసి, ఆఫీసు పని మీద హైదరాబాద్ వచ్చి చాన్నాళ్లయింది. మంచుకు కాగితాలు చెమ్మగిల్లుతాయని, నాకొచ్చే ఉత్తరాలనూ కరెంటు బిల్లులనూ పక్కింటి పిన్ని తన పొయ్యి మీది అటకపై, విత్తనాల మొక్కజొన్న పొత్తుల పక్కన దాస్తుంది. కాసిని పోగయ్యాక కవర్లో పెట్టి పోస్టు చేస్తుంది. ఆ కవరు విప్పితే చాలు, గదంతా మా ఊరి కట్టెల పొగ వాసన. ఇక్కడేమో కిటికీ కూడా తెరుచుకోదు, దిక్కుమాలిన గది!

నిన్న పిన్ని ఫోన్ చేసింది.

"ఈ నెల బిల్లొచ్చిందమ్మా. బేగి పంపీమంటావేటి? కాయితంతో పని లేదు, ఫోన్లోనే కట్టీయొచ్చంటంది మా గుంట."

నిజమే. ప్రతి నెలా నేను ఫోన్లోనే కట్టేస్తున్నాను.

"తొందరేం లేదు పిన్నీ. ఇంకొన్నాళ్లు అటక మీదే ఉంచి పంపు," అన్నాను.